పని వెంట వస్తుంది, మిగతావి ఎవరు తెస్తారు?

పనంతా ల్యాప్‌టాప్‌లోనే ఉన్నప్పుడు భిలాయిలో కూర్చుంటే ఏమిటి, లిస్బన్‌లో కూర్చుంటే ఏమిటి? లాక్‌డౌన్ల కాలంలో ఇంటి నుంచి ఉద్యోగం చేయడం అలవాటైన మన పిల్లలు ఈ ప్రశ్న గట్టిగానే అడుగుతున్నారు. కొన్ని దేశాల ప్రభుత్వాలు దానికి ‘రండి, కూర్చోండి’ అని జవాబు కూడా ఇచ్చాయి. 2020లో బార్బడోస్, ఎస్తోనియా మొదలుపెట్టాయి. అదే ఏడాది దుబాయ్, మారిషస్ అందుకున్నాయి. 2022లో పోర్చుగల్, మలేషియా వచ్చాయి. ఆ ఏడాది డిసెంబరులో చేసిన చట్టంతో స్పెయిన్ తలుపు తెరిచింది. 2024లో జపాన్, థాయ్‌లాండ్ ఈ వరసలో చేరాయి. ఒక్కో దేశం ఒక్కో పేరు పెట్టుకున్నా జనం నోట నిలిచిన పేరు మాత్రం డిజిటల్ నోమాడ్ వీసా. దీని షరతు వినడానికి చాలా సూటిగా ఉంటుంది. మీరు మా దేశంలో ఉండండి, మీ పని మీరు చేసుకోండి. కానీ జీతం బయటి నుంచే రావాలి, మా వాళ్ల ఉద్యోగాలకు మీరు పోటీ రాకూడదు, మా ఖజానా మీద భారం కాకూడదు. ఈ మూడో మాట దగ్గరే అసలు కథ ఉంది. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

భిలాయి తెలుగువాళ్లకు పని కోసం ఊరు మారడం కొత్త కాదు. ఇక్కడ ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పటికే, 1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలు మార్గం ఉత్తరాంధ్రను ఈ ప్రాంతంతో కలిపింది. ఆ పట్టాల మీదుగా వచ్చిన కుటుంబాలు ఖుర్సీపార్‌లోనూ, క్యాంపుల్లోనూ, టౌన్‌షిప్ సెక్టర్లలోనూ స్థిరపడ్డాయి. సెక్టర్ 5లో బాలాజీ గుడి, ఆంధ్ర సాహిత్య సమితి వెలిశాయి. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్–విశాఖ వందే భారత్ కూడా ఆ దారినే నడుస్తోంది. అయితే ఆ తరం వలసకూ, ఇప్పుడు పిల్లలు అడుగుతున్న వలసకూ ఒక పెద్ద తేడా ఉంది. ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం దొరికినవాడికి జీతం ఒక్కటే రాలేదు. క్వార్టరు వచ్చింది. పిల్లలకు ప్లాంటు బడి వచ్చింది. ఒంట్లో బాగోకపోతే సెక్టర్ 9 ఆసుపత్రి ఉంది. పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలు ఆఫీసే చూసుకుంది. పన్ను జీతంలోనే కోసుకుంది. ఇవన్నీ కలిసి ఒకే పే స్లిప్ వెనక దాగి ఉండేవి కాబట్టి వాటి విలువ విడివిడిగా ఎంతో లెక్కగట్టే అవసరం ఎవరికీ రాలేదు.

నోమాడ్ వీసా సరిగ్గా ఆ లెక్కే గట్టమంటుంది. దరఖాస్తులో ఏమేం అడుగుతారో వరసగా చూడండి: ఆదాయానికి రుజువు, ఆరోగ్య బీమా, ఉండడానికి ఇల్లు, పోలీసు రికార్డు శుభ్రంగా ఉందన్న సర్టిఫికెట్, కొన్ని దేశాల్లో సామాజిక భద్రతకు చందా కడుతున్నట్టు పత్రం, కొన్నాళ్లు ఉన్నాక పన్ను లెక్క. ఒకప్పుడు కర్మాగారం మోసిన బరువుల జాబితా ఇది. పని మనిషి వెంట వస్తుంది, నిజమే. మిగతావి వాటంతట అవి రావు, ఎవరో తేవాలి. ఆ ఎవరో మీరేనని పరాయి ప్రభుత్వం మీ చేత సంతకం పెట్టించుకుంటుంది. కాబట్టి ఈ వీసా ఎవరికి తగినదో తేల్చేది ప్రయాణాల మీద మోజు కాదు, జీతంలో అంకెల సంఖ్య కూడా కాదు. ఈ బరువులన్నీ సొంతంగా మోసే ఏర్పాటు ముందే చేసుకున్నవాడికే వీసా దొరుకుతుంది, దొరికినా నిలుస్తుంది. ఈ ఒక్క మాటను రుజువులతో మీ ముందు పెడతాను.

మొదట ఆదాయం. స్పెయిన్ తన కనీస వేతనానికి రెట్టింపు అడుగుతుంది; 2025 లెక్కన అది నెలకు సుమారు 2,762 యూరోలు. పోర్చుగల్ కనీస వేతనానికి నాలుగు రెట్లు అడుగుతుంది. 2025లో 3,480 యూరోలు. ఎస్తోనియా 4,500. యూరో వంద రూపాయలనుకుంటే ఇవి వరసగా నెలకు రెండు లక్షల డెబ్బై ఆరు వేలు, మూడు లక్షల నలభై ఎనిమిది వేలు, నాలుగున్నర లక్షలు. దుబాయ్ నెలకు 3,500 డాలర్లు చూపమంటుంది. మలేషియా సాఫ్ట్‌వేర్ లాంటి డిజిటల్ పనివాళ్లకు ఏడాదికి 24,000 డాలర్లు చాలంటుంది. మిగతా వృత్తులవాళ్లకు మాత్రం 60,000. మారిషస్ నెలకు 1,500 డాలర్లతో ఊరుకుంటుంది. థాయ్‌లాండ్ నెల జీతం మీద కాకుండా నిల్వ మీద దృష్టి పెట్టి, బ్యాంకులో ఐదు లక్షల బాత్ చూపమంటుంది. జపాన్ ఏడాదికి కోటి యెన్‌ల ఆదాయం అడుగుతుంది గానీ, మనకు ఆ అంకెతో పనే లేదు. ఆ వీసాకు అర్హమైన దేశాల జాబితాలో భారతదేశం పేరు లేదు. మన దగ్గర ఇంజనీరింగ్ పూర్తి చేసి పెద్ద ఐటీ కంపెనీలో చేరిన కుర్రాడికి తొలి జీతం ఏడాదికి మూడున్నర, నాలుగు లక్షల దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయి ఉంది. అంటే అతను ఏడాదంతా సంపాదించేది పోర్చుగల్ ఒక్క నెలలో చూపమనే మొత్తానికి కాస్త అటూ ఇటూ. ఈ వీసా చదువు ముగిసిన మర్నాడు పట్టే రైలు కాదు. ఆరేడేళ్ల అనుభవం ఉండి, విదేశీ క్లయింట్ల దగ్గర డాలర్లలోనో యూరోల్లోనో సంపాదించేవారికి అందుబాటులోకి వచ్చే సంగతి.

ఆదాయం ఉన్నా రుజువు కావడం వేరే విషయం. కాన్సులేట్‌లో ఫైలు చూసేవారు ముందుగా తీసేవి రెండు కాగితాలు: యజమాని ఉత్తరం, బ్యాంకు స్టేట్‌మెంటు. మన కంపెనీలు మామూలుగా ఇచ్చే ఉద్యోగ ధ్రువీకరణ పత్రంలో పేరు, హోదా, చేరిన తేదీ, జీతం ఉంటాయి. అది ఇంటి లోనుకు సరిపోతుంది, దీనికి చాలదు. ఇక్కడ కావలసిన వాక్యం ఒకటుంది: ఈ ఉద్యోగి ఫలానా దేశంలో ఉంటూ దూరం నుంచి మా పని చేయడానికి మాకు అంగీకారమే అని. స్పెయిన్ ఇంకొంచెం ముందుకెళ్లి, ఆ కంపెనీ కనీసం ఏడాదిగా నడుస్తుండాలనీ, దానితో మీ సంబంధం కనీసం మూడు నెలలదై ఉండాలనీ, మీకు డిగ్రీ గానీ మూడేళ్ల అనుభవం గానీ ఉండాలనీ అంటుంది. ఇక స్టేట్‌మెంటు. ప్రతి నెలా ఒకే తేదీ ప్రాంతంలో, ఒకే పేరు నుంచి, ఇంచుమించు ఒకే మొత్తం పడుతూ ఉంటే ఆ పేజీ తనంతట తనే మాట్లాడుతుంది. నాలుగు నెలలు నలభై, యాభై వేలతో నడిచిన ఖాతాలో దరఖాస్తుకు పది రోజుల ముందు ఎనిమిది లక్షలు ఒక్కసారిగా వచ్చి పడితే అది కూడా మాట్లాడుతుంది, మీకు వ్యతిరేకంగా. బంధువుల దగ్గర సర్దుబాటు చేసి బ్యాలెన్స్ చూపించడం విద్యార్థి వీసాల కాలం నుంచి మనకు బాగా తెలిసిన పద్ధతే. నెలవారీ ఆదాయం కొలిచే వీసాకు ఆ పద్ధతి పనికిరాదు.

చాలామంది దరఖాస్తులు ఆగిపోయేది ఆ ఉత్తరం దగ్గరే. కంపెనీ ఎందుకు ఇవ్వదు? మేనేజరు మొండితనం అనుకుంటాం గానీ, కారణాలు చట్టంలో ఉన్నాయి. ఉద్యోగి ఒక దేశంలో స్థిరంగా కూర్చుని పనిచేస్తూ ఉంటే, కంపెనీకి అక్కడ వ్యాపార స్థావరం ఉన్నట్టేనని ఆ దేశపు పన్ను శాఖ అనవచ్చు. అప్పుడు ఒక్క ఉద్యోగి కోసం కంపెనీ తన లాభంలో కొంత భాగానికి అక్కడ పన్ను లెక్క చెప్పుకోవలసి వస్తుంది. క్లయింటు డేటా దేశం దాటకూడదన్న ఒప్పందాలు ఉంటాయి. మన టెలికాం శాఖ 2020 నవంబరులో కాల్ సెంటర్ల వంటి సంస్థలకు నిబంధనలు సడలించినప్పుడు కూడా, ఎక్కడి నుంచైనా పని చేయవచ్చన్న మాటకు ‘భారతదేశంలో’ అన్న హద్దు పెట్టింది. ఆ తర్వాత పెద్ద ఐటీ కంపెనీలు ఒక్కొక్కటీ ఉద్యోగులను ఆఫీసుకు పిలిచాయి. 2023 అక్టోబరు నుంచి టీసీఎస్ వారానికి ఐదు రోజులూ రమ్మంది. కాబట్టి ఇక్కడి కంపెనీ జీతం మీద ఆధారపడి విదేశంలో కూర్చోవాలనుకునే దారి ఇరుకైనది. విదేశీ కంపెనీతో నేరుగా ఉద్యోగమో, ఇద్దరు ముగ్గురు విదేశీ క్లయింట్లతో రాతపూర్వకమైన ఒప్పందాలో ఉన్నవారికే దారి కాస్త విశాలంగా ఉంటుంది. దీనికి తోడు గడియారం ఒకటుంది. చలికాలంలో లిస్బన్ మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. హైదరాబాద్ ఆఫీసులో ఉదయం తొమ్మిదిన్నర మీటింగు అక్కడ తెల్లవారుజామున నాలుగు గంటలకు. నైట్ షిఫ్టు అంటే ఏమిటో భిలాయి ఇళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. యూరప్ క్లయింటు ఉన్నవాడు యూరప్‌కు, సింగపూర్ క్లయింటు ఉన్నవాడు కౌలాలంపూర్‌కు వెళితే అది తెలివైన లెక్క. భారతీయ ఆఫీసు పనివేళలతో పోర్చుగల్ వెళ్లడం బీచి పక్కన నైట్ షిఫ్టు చేయడమే.

వీసా వచ్చాక నిలబెట్టుకోవడం ఇంకో పని. దేశం కనీస వేతనం పెంచినప్పుడల్లా మీరు దాటవలసిన గీత కూడా పైకి జరుగుతుంది. పోర్చుగల్ ఈ వీసా తెచ్చిన 2022లో కనీస వేతనం 705 యూరోలు. నాలుగు రెట్లంటే 2,820. అప్పుడు యూరో దాదాపు 80 రూపాయలు. అంటే నెలకు రెండు లక్షల పాతిక వేలు చాలేది. 2025కి గీత 3,480కి చేరింది, ఆ ఏడాది చివరికి యూరో వంద దాటింది. రూపాయల్లో జీతం తీసుకునేవాడికి మూడేళ్లలో గీత సగానికి సగం పైకి పోయింది. అతని జీతం అంత పెరిగిందా? యూరోల్లో సంపాదించేవాడికి ఈ దెబ్బలో సగమే తగులుతుంది. ఇక కొన్ని వీసాలు అసలు కొనసాగేవే కావు. జపాన్ ఇచ్చేది ఆరు నెలలు, పొడిగింపు లేదు. క్రొయేషియా గడువు ముగిశాక ఆరు నెలలు ఆగి మళ్లీ దరఖాస్తు పెట్టుకోమంటుంది. స్పెయిన్, పోర్చుగల్ మాత్రం నివాస పర్మిట్ ఇస్తాయి గానీ, ఆ పర్మిట్ నిలవాలంటే మనిషి అక్కడ ఉండాలి. పోర్చుగల్‌లో వలస వ్యవహారాలకు 2023 అక్టోబరులో కొత్త సంస్థ ఏర్పడినప్పుడు దానికి లక్షల సంఖ్యలో పెండింగ్ ఫైళ్లు వారసత్వంగా వచ్చాయి. నెలల తరబడి అపాయింట్‌మెంట్ కోసం కాచుకుని, ఆ మధ్యలో ఊరికి రావాలా వద్దా అని తేల్చుకోలేకపోవడం అక్కడి వలసదారులకు మామూలైపోయింది. భిలాయిలో అమ్మకో నాన్నకో ఒంట్లో బాగోలేదని కబురు వస్తే, ఫైలు నడుస్తున్న దేశం విడిచి రావడం ఎంత తేలికో, తిరిగి వెళ్లడం ఎంత తేలికో ముందే తెలుసుకుని ఉండాలి. చాలా దేశాలు భార్యాభర్తలను, పిల్లలను వెంట తెచ్చుకోనిస్తాయి. తల్లిదండ్రుల సంగతి అన్నిచోట్లా అలా ఉండదు.

పన్ను సంగతి ఇంతకన్నా జాగ్రత్తగా చూడాలి. ‘అక్కడ ఉండను, ఇక్కడ ఉండను, ఎక్కడా పన్ను కట్టను’ అన్న ధీమా కొందరిలో ఉంది. దేశాలు రోజులు లెక్కబెడతాయి. స్పెయిన్, పోర్చుగల్‌లలో ఏడాదికి 183 రోజుల గీత దాటితే మీరు అక్కడి పన్ను నివాసి. థాయ్‌లాండ్ ఒక్కో రాకకు 180 రోజులు ఉండనిస్తుంది, వీసా ఐదేళ్లు చెల్లుతుంది. కానీ అదే దేశం క్యాలెండరు సంవత్సరంలో 180 రోజులు ఉన్నవాడిని పన్ను నివాసిగా చూస్తుంది. పైగా 2024 జనవరి 1 నుంచి బయట సంపాదించి థాయ్‌లాండ్‌కు తెచ్చుకున్న డబ్బును పన్ను లెక్కలోకి తీసుకుంటోంది. ఒక చేత్తో ఇచ్చిన రోజులే రెండో చేతిలో పన్ను లెక్కకు ఆధారమవుతాయి. దుబాయ్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు కదా అంటే, మన పార్లమెంటు 2020లోనే ఆ దారికి గేటు పెట్టింది. ఏ దేశంలోనూ పన్ను బాధ్యత లేని భారత పౌరుడికి, విదేశీ ఆదాయం కాక మిగిలిన ఆదాయం ఏడాదిలో 15 లక్షలు దాటితే అతను ఇక్కడి నివాసి కిందే లెక్క. రెండు దేశాలూ ఒకే ఆదాయం మీద రెండుసార్లు పన్ను వేయకుండా ఒప్పందాలు ఉన్నాయి, నిజమే. కానీ వాటి లాభం దానంతట అది ఖాతాలో పడదు. నివాస ధ్రువపత్రం తెచ్చి, రెండు చోట్లా రిటర్నులు వేసి అడిగి తీసుకోవాలి. ప్లాంటు ఉద్యోగికి ఫారం 16 చేతికొచ్చేది. ఇక్కడ ఆ పని కూడా సొంతమే, లేదా ఫీజు ఇచ్చి చేయించుకోవాలి.

ఆరోగ్యం, వృద్ధాప్యం. ఈ రెండింటి గురించి భిలాయికి వంద కిలోమీటర్లలోపు ఉన్న దల్లీ రాజహరా ఒక గట్టి పాఠం చెప్పింది. ఇనుప ఖనిజం అక్కడి నుంచే ప్లాంటుకు వచ్చేది. గనుల్లో పర్మనెంటు కార్మికులకు ఆసుపత్రి సౌకర్యం ఉంది. అదే గనిలో అదే ఖనిజం తవ్విన కాంట్రాక్టు కార్మికులకు ఆ రక్షణ లేదు. శంకర్ గుహా నియోగి నాయకత్వంలో వాళ్లు సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం ఉపాధ్యక్షురాలు కుసుం బాయి ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక చనిపోయిన తర్వాత, కార్మికులు చందాలు వేసుకుని, తామే శ్రమపడి 1983లో షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. 1977 పోలీసు కాల్పుల్లో చనిపోయిన తోటి కార్మికుల పేరు మీద అది వెలిసింది. పనిలో తేడా లేదు, ప్రమాదంలో తేడా లేదు. తేడా అంతా రికార్డులో ఏ జాబితాలో పేరుందన్న దగ్గరే. నోమాడ్ వీసా మీద వెళ్లినవాడు కూడా చాలాచోట్ల ఏ జాబితాలోనూ లేనివాడే. అక్కడి ప్రభుత్వ వైద్యం అతని కోసం కాదు కాబట్టే దరఖాస్తులోనే బీమా అడుగుతారు. జపాన్ అయితే కోటి యెన్‌ల బీమా ఉండాలంటుంది. ప్రయాణ బీమా వేరు, నివాసి బీమా వేరు. మొదటిది హఠాత్తుగా వచ్చిన జబ్బుకు, ప్రమాదానికి. షుగరు, బీపీ మందులకు, ప్రసవానికి అది చాలదు. పెన్షన్ మాట కూడా అంతే. పోర్చుగల్‌తో మనకు సామాజిక భద్రత ఒప్పందం 2017 నుంచి అమల్లో ఉంది. ఇలాంటి ఒప్పందం ఉన్న దేశాలకు యజమాని పంపిన ఉద్యోగికి, యజమాని దరఖాస్తు పెడితే ఈపీఎఫ్ఓ ధ్రువపత్రం ఇస్తుంది. రెండు చోట్లా చందా కట్టే బాధ తప్పుతుంది. ఫ్రీలాన్స్ చేసేవాడికి యజమానే లేడు, కాబట్టి ఎన్‌పీఎస్‌లోనో ఇంకోచోటో ప్రతి నెలా తానే జమ చేసుకోవాలి. చేయని నెలలు పేరుకుపోతాయి. వాటి సంగతి అరవయ్యో ఏట తెలుస్తుంది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. మీరు చెబుతున్న ఆ ప్లాంటు ఉద్యోగం ఇప్పుడు ఎక్కడుంది? పర్మనెంటు పోస్టులు ఏళ్లుగా తగ్గుతూ వచ్చాయి, కాంట్రాక్టు పనులు పెరిగాయి. రిటైరైన రోజు క్వార్టరు ఖాళీ చేయవలసిందే. దక్కని భద్రతతో పోల్చి పిల్లల్ని వెనక్కి లాగడం న్యాయమా? ఈ అభ్యంతరంలో సగం నేను ఒప్పుకుంటాను. ప్లాంటు తిరిగి అరవై ఏళ్ల కిందటిలా కొలువులు ఇస్తుందని ఎవరూ ఆశపెట్టుకోనక్కర్లేదు. రిసాలీలోనో నెహ్రూ నగర్‌లోనో ఉంటూ బెంగళూరు కంపెనీకి కాంట్రాక్టు మీద కోడ్ రాసే అమ్మాయికి ఈ రోజు కూడా యజమాని ఆసుపత్రి లేదు, యజమాని ఇల్లు లేదు. అయితే ఆమెకు తల్లిదండ్రుల ఇల్లుంది, తెలిసిన డాక్టరుంది, పని పోతే రెండు నెలలు తట్టుకునే చోటుంది, దేశంలో ఉండడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నోమాడ్ వీసా మీద ఉన్నవాడికి కాంట్రాక్టు రద్దయితే జీతంతో పాటు ఉండే హక్కు కూడా ఊగిసలాడుతుంది. కాబట్టి పోలిక పాత ప్లాంటుతో కాదు, ఇవాళ్టి భిలాయి జీవితంతోనే పెట్టి చూసినా లెక్క మారదు: ఆదాయం ఆగిన నెలకు ఏర్పాటు లేనివాడు బయలుదేరకూడదు. పాత పోలిక ఎందుకు తెచ్చానంటే, ఏయే బరువులు ఉన్నాయో గుర్తుపట్టడానికి. ఏమేం మోయాలో తెలియనివాడు మోయడానికి సిద్ధంగా ఉన్నాననుకోవడం ఉత్త భ్రమ.

రెండో అభ్యంతరం మరీ ప్రచారంలో ఉన్నది. టూరిస్టుగా వెళ్లి హోటల్ గదిలో ల్యాప్‌టాప్ తెరిస్తే ఎవరు చూడొచ్చారు? థాయ్‌లాండ్‌కు మనవాళ్లు వీసా లేకుండానే వెళ్తున్న కాలంలో ఇంత తతంగం ఎందుకు? రెండు వారాల సెలవులో నాలుగు మెయిళ్లకు జవాబివ్వడం గురించి ఎవరూ పట్టించుకోకపోవచ్చు. దాని మీద జీవితం కట్టుకోవడం వేరు. టూరిస్టుకు అక్కడ ఇల్లు అద్దెకు దొరకడం కష్టం, బ్యాంకు ఖాతా కష్టం, పిల్లల బడి అసలు కుదరదు. ప్రమాదం జరిగి బీమా కంపెనీ దగ్గరికి వెళ్తే, మీరు అక్కడికి ఏం పని మీద వెళ్లారన్నదే మొదటి ప్రశ్న కావచ్చు. యూరప్‌లో షెంగెన్ లెక్క 180 రోజుల్లో 90 మాత్రమే; ఒక్కరోజు దాటినా రికార్డులో పడుతుంది. పైగా మన పాస్‌పోర్టు సంగతి మనకు తెలుసు: చాలా దేశాలకు వెళ్లాలంటే ‘ఇంతకుముందు వీసా నిరాకరించారా’ అన్న గడి నింపవలసిన పాస్‌పోర్టు అది. ఒక్క నిరాకరణ, ఒక్క వెనక్కి పంపడం తర్వాతి దరఖాస్తుల్లో ఏళ్ల తరబడి కనిపించవచ్చు. పాస్‌పోర్టు బలంగా ఉన్న దేశాల వాళ్లు చేసిన వీడియోలు చూసి వాళ్ల ధైర్యాన్ని మనం అరువు తెచ్చుకోకూడదు.

మూడో మాట సరిగ్గా దీనికి ఎదురు వైపు నుంచి వస్తుంది: ఇదంతా ధనవంతుల సరదా, మనకెందుకు అని. దీన్ని కూడా నేను ఒప్పుకోను. భిలాయి నిలిచిందే దేశాంతరాల నుంచి వచ్చి పనిచేసినవాళ్ల వల్ల. సోవియట్ నిపుణులు కుటుంబాలతో వచ్చి ఇక్కడ ఉన్నారు. మన ఇంజనీర్లు అక్కడి కర్మాగారాలకు వెళ్లి పని నేర్చుకుని వచ్చారు. ఆ రాకపోకలకు రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం దన్నుగా ఉంది కాబట్టే అవి సజావుగా సాగాయి. పరాయి దేశంలో పనిచేసిన అనుభవం మనిషికీ ఊరికీ పనికొస్తుంది. ఇప్పుడు ఆ ఒప్పందం ప్రభుత్వాలు రాసేది కాదు, వెళ్లే మనిషి రాసుకోవలసింది. రాసుకోగలిగితే వెళ్లడంలో తప్పేమీ లేదు, మధ్యతరగతి పిల్లలు కూడా వెళ్లవచ్చు. 2016లో ఇక్కడ ఐఐటీ వచ్చింది. అంతకు చాలా ముందే దుర్గ్‌లో బీఐటీ ఉంది. నైపుణ్యానికి ఊరు వెనకబడి లేదు.

అయితే పనులు ఏ వరసలో చేయాలి? ముందు పని, తర్వాత దేశం. విదేశీ ఆదాయం కనీసం ఆరు నెలలు నికరంగా బ్యాంకు ద్వారా వచ్చేలా చూసుకోవాలి. ఒప్పందంలో దూరం నుంచి పనిచేసే హక్కు అక్షరాల్లో ఉండాలి. డిగ్రీ పత్రాల మీద అపోస్టిల్ ముద్ర ముందే వేయించి పెట్టుకోవచ్చు. రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ ముద్ర అంటూ రెండు అంచెలు ఉంటాయి కాబట్టి దానికి సమయం పడుతుంది. పోలీసు క్లియరెన్స్ మాత్రం చివర్లో తీసుకోవాలి, దానికి చెల్లుబాటు గడువు తక్కువ. దేశాన్ని ఎంచుకునేటప్పుడు బీచి ఫొటోల కన్నా ముందు నాలుగు విషయాలు చూడాలి: క్లయింటు పనివేళలు కలుస్తాయా, పన్ను ఎన్ని రోజులకు మొదలవుతుంది, పొడిగింపు ఉందా, కుటుంబాన్ని రానిస్తారా. ఆ తర్వాత ఒక కాగితం మీద అసలు జీతం వేసుకోవాలి. వచ్చే మొత్తంలోంచి బీమా ప్రీమియం, రెండు దేశాల పన్ను, పెన్షన్ జమ, అద్దె, అడ్వాన్సు, ఏడాదికి ఒకటి రెండుసార్లు ఊరికి టికెట్లు, పని దొరకని నెలల కోసం పక్కన పెట్టే డబ్బు తీసేయాలి. ఇన్ని తీసేశాక మిగిలింది భిలాయిలో ఉండి అదే పని చేస్తే మిగిలేదానికన్నా ఎక్కువగా ఉంటే, లేదా తక్కువైనా ఆ అనుభవానికి అంత విలువ ఉందని మీరు తెలిసే అనుకుంటే, బయలుదేరండి. చాలామంది చేసే లెక్కలో జీతం, అద్దె అనే రెండే అంకెలు ఉంటాయి. ఆ రెండింటితో వచ్చే జవాబు ఎప్పుడూ తీపిగానే ఉంటుంది.

చివరిగా మన సంఘాల గురించి ఒక మాట. దల్లీ రాజహరా కార్మికులు ఒక్కొక్కరుగా ఆసుపత్రి కట్టుకోలేదు, కలిసి కట్టుకున్నారు. ఒంటరిగా వెళ్లే ఈ కొత్త పనివాళ్లు ఎవరి బరువు వాళ్లే మోసుకోవలసిందే అయినా, బరువు ఎంతో చెప్పే పని, మోసే పద్ధతి నేర్పే పని కలిసి చేయవచ్చు. భిలాయిలో తెలుగువాళ్లకు గుడి ఉంది, సాహిత్య సంస్థ ఉంది, పండుగలకు పందిళ్లు వేసే యువకులు ఉన్నారు. ఏడాదికి రెండుసార్లు ఒక చార్టర్డ్ అకౌంటెంటును, బీమా సంగతి తెలిసినవారిని, ఇప్పటికే వెళ్లివచ్చినవారిని కూర్చోబెట్టి, ఉత్తరం ఎలా రాయించుకోవాలి, ఏ దేశంలో ఏ నిబంధన మారింది అని చెప్పించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. నిబంధనలు ఏటా మారుతున్నాయి. ఏజెంటు చెప్పే మాట కన్నా ఆయా దేశాల కాన్సులేట్లు ప్రకటించే మాటే ప్రమాణం. ఆ ప్రకటన చదివి అర్థం చేసుకోగలిగిన పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లకు కావలసింది ‘వెళ్లు’ అనో ‘వద్దు’ అనో తీర్పు చెప్పే పెద్దలు కాదు. పక్కన కూర్చుని, నాన్న పే స్లిప్‌లో కనిపించని అంకెలు ఏవో అడిగి రాయించి, కూడికలూ తీసివేతలూ పూర్తి చేయించే పెద్దలు. ఆ కాగితం పూర్తయ్యాక నిర్ణయం పిల్లలది.